రెండు ఊపిర్ల చిరునామా

1. మెత్తగాలి

గింజకు మతిమరుపు ఎక్కువ, నాకు కోపం ఎక్కువ. ఎవరి మీద ఎందుకు కోపం వచ్చిందో కనీసం నాకైనా గుర్తుండాలని ఈ రాత మొదలుపెట్టాను.

గింజ అంటే ఊరిని నడిపే యంత్రానికి లోపలి యంత్రం. మా ముత్తాతలు దాన్ని కెర్నల్ అనేవారట. మా తెప్పూరులో ఏ పడవ ఏ గుంజకు కట్టారు, ఏ తాడు వదులైంది, ఏ బుడగలో గాలి తగ్గింది, అన్నీ అది కనిపెట్టి ఒక్కో వరసగా పట్టీ మీద వెలిగిస్తుంది. కొత్త వరస కింద వెలిగితే పాత వరస పైకి జరుగుతుంది. అలా జరిగి జరిగి అంచు దాటిందంటే ఇక లేదు. దాని కడుపులో కాసిని వరసలకే చోటు. నిన్నటి మాట అడిగితే తెల్లమొహం వేస్తుంది.

తెప్పూరు గాలి బుడగలతో మబ్బుల మధ్య తేలే ఊరు. పైన తెల్లమబ్బు, కింద ఎర్రమబ్బు, మధ్యలో పాలలాంటి మంచు. చెయ్యి చాస్తే మన వేళ్ళు మనకే కనిపించవు. ఇళ్ళు కనిపించని చోట చిరునామాయే ఇల్లు. అందుకని పూటపూటా గింజ పట్టీని ఒకరు బూరలో పైకి చదువుతారు, గడపగడపకీ వినిపిస్తుంది. ఆ చదువరి మా అత్త అప్పలనరసమ్మ. ఊరికి అది జోలపాట, నాకు తలనొప్పి.

ఇవాళ పైడమ్మ నీళ్ళవేటకు వెళ్ళింది. పైడమ్మ నా భార్య, అత్త కూతురు. దూరపు గుంజల్లో ఏది ఖాళీగా ఉంటే దానికి పడవ కట్టుకుని, మంచులో వల పరిచి, వల కళ్ళకు పట్టిన నీటిని పిండి తెస్తుంది. ఊళ్ళో బుడగలన్నిటికీ మాసికలు వేసేది నేనే కాబట్టి ఆమె పడవ బుడగకూ నా మాసికే.

"ఈ మాసిక ఉంటాదా, ఊడతాదా?" అంది పడవెక్కుతూ.

"నా మాసిక ఊడితే పేరు మార్చుకుంటాను."

"గౌరీసు అనే పేరు బాగానే ఉంది కదేటి? సరే, ఇంకోటి ఎతికి ఉంచుకో."

నవ్వుకుంటూ మంచులోకి వెళ్ళిపోయింది. ఆ నవ్వు కాసేపు వినిపించింది. తర్వాత తెడ్డు చప్పుడు, తర్వాత అదీ లేదు.

2. గాలి నిలిచిన పూట

పక్కింటి ఎర్రయ్య బాబాయి పోయాడు. బుడగల ఊళ్ళో నిప్పు నిషేధం కాబట్టి జీవితమంతా చుట్టని వెలిగించకుండానే నమిలిన మనిషి. నిద్రలోనే పోయాడు, చుట్ట నోట్లోనే ఉంది. మా ఆచారం ప్రకారం నడుముకు తెల్లబుడగ కట్టి పైకి వదిలాం. బంగారమ్మ పిన్ని బుడగ తాడుని చివరి కొస దాకా పట్టుకునే ఉంది. కొస కూడా జారిపోయాక ఖాళీ చేతిని చాలాసేపు పైకే ఉంచింది.

బంగారమ్మ పిన్నీ మా అత్తా పిల్లప్పటి నుంచీ ఒకే గిన్నెలో గంజి తాగినవాళ్ళు. అత్త ఏడుస్తూనే గింజగదికి వెళ్ళి మైల మర తిప్పింది.

మైల మర సంగతి చెప్పాలంటే సున్నాల సంగతి చెప్పాలి. ఊరు కట్టినవాళ్ళు ఇక్కడికి కోట్లమంది వస్తారనుకుని ఒక్కో చిరునామాకి ఎనిమిది గళ్ళు పెట్టారు. తీరా వచ్చింది గుప్పెడుమంది. దాంతో చాలా గళ్ళు సున్నాలుగానే మిగిలిపోయాయి. మావాళ్ళకి సున్నా అంకె కాదు, ఎవరూ దిగని వీధి. దాన్ని ఊరికే పలకరు. సున్నాలు వరసగా వస్తే గింజ ఆ చోటు ఖాళీగా వదులుతుంది, చదువరి అక్కడ ఒక ఊపిరి తీసుకుంటుంది. పలికిన గళ్ళు ఎనిమిదిలోంచి తీసేస్తే ఊపిరిలో ఎన్ని సున్నాలున్నాయో వినేవాళ్ళకి తెలిసిపోతుంది. కాకపోతే ఒక చిరునామాకి ఒక్క ఊపిరే. సున్నాలు రెండు చోట్ల ఉంటే పొడుగాటి వరసకి ఊపిరి, చిన్న వరసని పలికి తీరాలి. పిల్లలకి నడక రాకముందే ఇది వచ్చేస్తుంది.

మైలలో మాత్రం ఒక్క సున్నా కూడా వినపడకూడదు. పోయిన మనిషి తెల్లమబ్బుకు వెళ్తుంటాడట. దారిలో ఎవరైనా సున్నా అంటే, ఇదేదో ఖాళీ ఇల్లుందే అని అక్కడే దిగిపోతాడట. అందుకే మర. అది తిప్పితే గింజ అన్ని సున్నాలనీ ఖాళీగానే వదులుతుంది, ఎన్ని చోట్లున్నా సరే. పడవల్ని పిలిచే పిలుపు బూర కూడా సున్నాని మింగేస్తుంది. మర తిప్పాక దాని తాళం మైల ఇంటివాళ్ళ చేతికిస్తారు. మైల తీరేదాకా అది వాళ్ళది.

"సగం మింగిన చిరునామాతో ఎవరు ఎక్కడున్నట్టు?" అన్నాను.

"నువ్వు మాసికలెయ్యి బాబూ, మాటలెయ్యకు," అంది అత్త.

తాళాన్ని తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి బంగారమ్మ పిన్ని కొంగున కట్టింది.

3. అదే పూట, గంజి పొయ్యి మీద ఉండగా

అత్త చదువుతోంది. మైల చదువు వేరుగా ఉంటుంది, ఒప్పుకోవాలి. ప్రతి చిరునామాలో రెండేసి ఊపిర్లు. ఊరంతా ఆమెతో పాటు ఊపిరి పీల్చుకుని వదులుతున్నట్టుంది. మంచు కూడా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"బుడగ నిండింది, మూడు… ఏడు… ఒకటి. తాడు వదులు, ఐదు… రెండు… రెండు. తాడు తెగింది, రెండు… తొమ్మిది… నాలుగు. వల ఎండింది, ఆరు…"

తాళ్ళు రోజూ తెగుతాయి. తెగినవాళ్ళు పక్క గుంజకు కట్టుకుంటారు. నేను గంజిలో నాచుపొడి వేసి కలుపుకుంటూ నిద్రలోకి జారిపోయాను. కలలో ఎర్రయ్య బాబాయి ఎవరి ఇల్లో వెతుకుతూ, ప్రతి తలుపూ తట్టి, "మనోళ్ళేనా?" అంటున్నాడు.

4. ఎదురుగాలి

మర్నాడు వేట పడవలన్నీ వచ్చాయి. పైడమ్మది రాలేదు.

రేవులో నిలబడి ప్రతి తెడ్డు చప్పుడుకీ ఆమె పేరు పెట్టి పిలిచాను. ప్రతిసారీ వేరే ఎవరో "కాదన్నా" అన్నారు. చివరి పడవ కట్టేసి అందరూ ఇళ్ళకు పోయాక, ఆ తెగిన తాడు వరస నా చెవిలో మళ్ళీ వినపడింది. నాకు వచ్చింది కోపం కాదు, భయం.

గింజగదికి పరిగెత్తాను. అత్త పట్టీ ముందే కూర్చుని ఉంది. ఆమెకీ అదే గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. పట్టీ మీద నిన్నటివేవీ లేవు. అన్నీ ఈ పూట వరసలే.

"అత్తా, ఆ వరస మళ్ళీ చెప్పు."

చెప్పింది. ఆమె నోటికి వచ్చిన పాట ఆమెను వదలదు. "రెండు…" ఊపిరి. "తొమ్మిది…" ఊపిరి. "నాలుగు."

మూడు అంకెలు పలికింది. ఎనిమిదిలో మూడు పోతే ఐదు సున్నాలు. ఆ ఐదింట్లో మొదటి ఊపిరిలో ఎన్ని, రెండో ఊపిరిలో ఎన్ని? ఒకటీ నాలుగూ కావచ్చు. రెండూ మూడూ కావచ్చు. మూడూ రెండూ, నాలుగూ ఒకటీ, ఏదైనా కావచ్చు. నాలుగు గుంజలు, నాలుగు దిక్కులు.

"పట్టీ మీద ఎలా ఉందో గుర్తు తెచ్చుకో. ఏ ఖాళీ పెద్దది?"

"రెండూ ఒక్కలాగే ఉంటాయి నాయినా. మైల మర తిప్పితే ఖాళీకి కొలతుండదు." చేతులు ముందుకు చాపి వాటినే చూసుకుంది. "ఈ సేతుల్తోనే తిప్పాను. నా కూతురు ఎక్కడుందో గింజ సెప్పబోతే నాను దాని నోరు మూసేసినాను."

ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు. అరవాల్సిన మనిషి అప్పటికే నేల మీద కూలబడి ఉంది.

5. అదే గాలి

తాడు తెగిన పడవకి గుంజ నుంచి గాలి అందదు. బుడగలో ఉన్నదే ఉన్నది. మెల్లగా, నిద్ర పట్టినంత మెల్లగా కిందికి దిగుతుంది. ఎర్రమబ్బు తగిలితే బుడగ తోలు మైనంలా కరుగుతుంది. తెడ్డుతో పక్కకి పోవచ్చు గానీ పైకి రాలేరు. నా మాసిక ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు. వచ్చే చదువు దాకా ఆగుతుంది. ఆ పైన ఆగదు.

వెతుకుడు పడవ దానయ్యది. దానయ్య బుడగ నింపి సిద్ధంగా ఉన్నాడు.

"ఒక్క దిక్కుకే గాలుంది నా కాడ. నాలుగింట్లో ఏదో సెప్పు, ఎల్తాను. తప్పయితే మాత్రం తిరిగొచ్చి ఇంకో దిక్కుకెల్లే టైముండదు."

"పిలిస్తే?" అన్నాను.

పిలిస్తే తెలుస్తుంది. తాడు తెగిన పడవ తనంతట తాను మాట్లాడలేదు గానీ, చివరిగా కట్టిన గుంజ పేరుతో పిలిస్తే అందులో మనిషి పలకొచ్చు. పిలుపు బూరలో ఎనిమిది గళ్ళూ చెప్తే ఒక గుంజ నుంచి ఇంకో గుంజకి అందుకుంటూ తీసుకెళ్తాయి. అర్థం కాని పేరుని మాత్రం మొదటి గుంజే పారేస్తుంది. రెండు ఊపిర్ల పేరు ఏ గుంజకీ అర్థం కాదు.

అంటే సున్నాలు పలకాలి. బూరకి సున్నా పలికే శక్తి రావాలంటే మర వెనక్కి తిరగాలి. దాని తాళం బంగారమ్మ పిన్ని కొంగున ఉంది.

"నేనెళ్ళి అడుగుతాను," అన్నాను.

అత్త నా చొక్కా పట్టుకుంది. "వొద్దు. నిన్ననే కదా దాని మనిషి పోనాడు. ఇంకా దారిలోనే ఉంటాడు. నీ మొగుడి దారి నాకియ్యమని అడుగుతావేటి?"

"నీ కూతురు అత్తా!"

"నా కూతురే. అందుకే నాను అడగలేను. నువ్వూ అడక్కు."

నా అత్తని తిట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. చొక్కా విడిపించుకుని బంగారమ్మ పిన్ని గుమ్మం దాకా వెళ్ళాను. లోపల తెల్ల గుడ్డ పరిచిన మంచం, దాని మీద సగం నమిలిన చుట్ట. ఎవరి మీదకైనా నోరేసుకుని పడే నేను తాళం అడగలేకపోయాను. గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాను. పక్కన మంచు కదులుతోంది.

6. గాలి ఎటో తెలియని పూట

"అలా గుమ్మంలో నిలబడిపోనావేటి గౌరీసూ?" అంది పిన్ని లోపల్నుంచి.

మంచం మీది చుట్టనే చూస్తున్నాను.

"మంచులో మాటలు ఎంత దూరమైనా వొస్తాయి. దానయ్యతో నువ్వన్నదీ ఇన్నాను, మీ అత్త, మా ఒదిన నిన్ను ఆపిందీ ఇన్నాను. ఎప్పుడొస్తావా అనే సూస్తన్నాను." బయటికి వచ్చింది. కొంగు ముడి అప్పటికే విప్పి ఉంది, తాళం చేతిలో ఉంది.

"పిన్నీ, బాబాయి…"

"మీ బాబాయి ఖాళీ ఇల్లు కనబడితే దిగిపోతాడంటారు, అంతే కదా? దిగనీ." చుట్ట తీసి కొంగులో దోపుకుంది. "దిగితే నాకు దగ్గిర్లోనే ఉంటాడు. అంత పైకెల్లి ఆడికేటి పని, నువ్వే సెప్పు?"

నేను ఏడ్చేశాను. ఆమె మాత్రం ఏడవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి గింజగది దాకా నడిపించింది, దారి తెలియని వాణ్ణి నేనే అయినట్టు.

మర కిర్రుమని వెనక్కి తిరిగింది. అత్త గోడ వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. మైల ఉన్న ఊళ్ళో ఆ మాట మొదట అనడానికి ఎవరికీ నోరు రాదు, నాకూ రాలేదు. నాకు సున్నాలంటే లెక్కలేదని ఇన్నాళ్ళూ గొప్పలు పోయినవాణ్ణి.

బంగారమ్మ పిన్ని బూర ముందు కూర్చుంది.

"రెండు," అంది. కళ్ళు మూసుకుంది. "సున్నా."

ఊళ్ళో గంజి గరిటెలు ఆగాయి, ఎక్కడో తొట్టె ఊపుతున్న చేతులు ఆగాయి. ఆ మాట మంచులోకి వెళ్ళి చాలాసేపు అక్కడే తిరిగింది. ఏమీ జరగలేదు. మబ్బు చీలలేదు. ఎవరో చిన్నపిల్ల దగ్గింది, అంతే.

"తొమ్మిది. సున్నా. సున్నా. సున్నా. సున్నా. నాలుగు."

గుంజలు ఒకదాని నుంచి ఒకటి అందుకోవడం వినపడింది, దూరందూరంగా, వానచినుకులు మెట్లు దిగుతున్నట్టు. జవాబు రాలేదు. రెండో పేరు పిలిచింది. రాలేదు. మూడోది. నాలుగోది. పట్టీ మీద ఒక్క వరసా వెలగలేదు.

"పడుకునుంటాది," అంది పిన్ని. "గాలి పలచబడితే నిద్రొచ్చేస్తాది. ఇంకా గట్టిగా పిలవాల."

ఆమె గొంతు బొంగురుపోయింది. అత్త గోడ దగ్గర్నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది, చిన్నప్పుడు గంజి గిన్నె ముందు కూడా ఇలాగే కూర్చుని ఉంటారు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. నేనూ కలిపాను. గుమ్మంలోంచి దానయ్య గొంతు కలిసింది. ఆ తర్వాత ఎవరెవరివో తెలియని గొంతులు ఇళ్ళలోంచి, రేవులోంచి, మంచు మొత్తంలోంచి వచ్చాయి. ఊరు ఊరంతా సున్నాలు పలుకుతోంది. పుట్టి బుద్ధెరిగాక నేను అలాంటి పాట వినలేదు. ఎవరూ దిగని వీధులన్నిట్లో ఎవరో దీపాలు పెట్టుకుంటూ పోతున్నట్టుంది.

"రెండు. సున్నా. సున్నా. తొమ్మిది. సున్నా. సున్నా. సున్నా. నాలుగు."

పట్టీ వెలిగింది.

అత్త చదవబోయి చదవలేకపోయింది. నేనే చదివాను.

"పలికింది, రెండు, సున్నా, సున్నా, తొమ్మిది…" ఊపిరి తీసుకున్నాను. "నాలుగు. తాడు లేదు. బుడగ పావు వంతు. మనిషి ఒకరు."

దానయ్య ఆ చివరి మాట దాకా ఆగలేదు. అప్పటికే అతని తెడ్డు చప్పుడు వినపడుతోంది.

7. మెత్తగాలి మళ్ళీ

పైడమ్మ మంచం మీద ఉంది. పెదాలు ఎండిపోయాయి, కాళ్ళకి ఎర్రమబ్బు సెగ తగిలి బొబ్బలెక్కాయి. నేను నాచురసం పూస్తుంటే కాలు లాక్కుంటోంది.

"తాడు తెగినపుడు పక్క గుంజ కనబడలేదు. తెడ్డేసి ఏసి అలిసిపోనాను," అంది. "తరవాత నిద్రొచ్చీసింది. కలలో ఒక ఈధిలో నడుస్తన్నాను. ఎంత నడిసినా ఇళ్ళే, అన్ని తలుపులూ తీసే ఉన్నాయి, లోపల ఎవులూ లేరు. ప్రెతీ గుమ్మం కాడా ఎవులో సున్నా, సున్నా అంటన్నారు. అది బంగారమ్మ పిన్ని గొంతు. ఈవిడేటి ఇన్ని సున్నాలంటందని సెప్పి లెగిసి కూకుని పలికినాను."

"లేచి?"

"లెగిసి సూత్తే నీ మాసిక ఊడి గాలి బుస్సుమంటంది. సేత్తో నొక్కి పట్టుకున్నాను, దానయ్య వొచ్చీదాకా." అరచెయ్యి చూపించింది. బుడగ తోలు అచ్చు దాని మీద అలాగే ఉంది. "పేరెతికి పెట్టుకున్నావా?"

ఆ చేతిని నా మొహానికి ఆనించుకున్నాను. నాకు ఏ పేరు పెట్టినా ఫరవాలేదు అన్నాను. మనిషి ఒకరు అని చదివినప్పుడు ఎంత సంతోషం వేసిందో కూడా చెప్పాను. సిగ్గుపడుతూ చెప్పలేదు, బాహాటంగానే చెప్పాను.

8. మైల తీరిన పూట

మా ఊళ్ళో గుంజలకి లాగే మనిషికీ ఒక చిరునామా ఉంటుంది. మైల తీరిన పూట గింజ పోయిన మనిషి చిరునామాని వెనక్కి తీసుకుంటుంది. గడువు తీరింది అని ఒక వరస వెలిగిస్తుంది. ఆ తర్వాత ఆ గళ్ళు ఎవరివీ కావు, మళ్ళీ సున్నాలే. ఎప్పుడూ ఆ వరసని అత్త గబగబా చదివేసి ఊపిరిలో కలిపేస్తుంది, ఇంటివాళ్ళకి నొప్పి తెలియకుండా.

ఇవాళ బంగారమ్మ పిన్ని గింజగదికి వచ్చింది. పైడమ్మ నా భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. పట్టీ మీద వరస వెలిగింది.

"గడువు తీరింది, ఎర్రయ్య…" అని అత్త మొదలుపెట్టి ఆగింది.

"ఊపిరి తియ్యకు ఒదినా," అంది పిన్ని. "మొత్తం సదువు. నా మనిషి ఖాళీ సేసిన సోటు ఎంతుందో నన్నూ ఇననీ."

అత్త మరని ఏ సున్నానీ వదలని పూర్తి వైపుకు తిప్పింది. వరస ఎనిమిది గళ్ళతోనూ నిండుగా వెలిగింది. చదవడం మొదలుపెట్టింది. ఒక్కో సున్నా పలికినప్పుడల్లా పిన్ని "ఊఁ" అంటోంది, కథ వినేటప్పుడు అన్నట్టు. బయట ఇళ్ళలోంచి కూడా "ఊఁ" వినపడింది. పైడమ్మా అంది. చివరికి నేనూ అన్నాను.

చివరి సున్నా పలికాక అత్త బూర మీద నుంచి చెయ్యి తీసి బంగారమ్మ పిన్ని చెయ్యి పట్టుకుని, అప్పుడు ఊపిరి తీసుకుంది.